బొట్టు పెట్టిన బ్యాటరీ

మదనపల్లెలో మా షాపుకొచ్చేవాళ్లను ఎవరినడిగినా చెబుతారు, బ్యాటరీ విషయంలో నన్ను ఏమార్చడం కష్టమని. ట్రాక్టరుకు వేసేది కానీ, ఇంట్లో ఇన్వర్టరుది కానీ, టమోటా తోటకు మందు కొట్టే స్ప్రేయరుది కానీ, ఒకసారి చేత్తో ఎత్తిచూస్తే లోపల సరుకుందో లేదో చెప్పేస్తాను. అలాంటిదాన్ని, పోయిన చలికాలం అరచేతిలో పట్టే రెండు బ్యాటరీల కోసం పిచ్చిదానిలా తిరిగాను. తిన్నది ఒంటబట్టలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు.

అదంతా మా ఆయన కోసం. ఆయన డైవరు. లారీ డ్రైవరు కాదు, నీళ్లలో మునిగే డైవరు. ఈ మాట చెబితే మా వైపు జనం ముందు నవ్వుతారు. బోరు వేస్తే దుమ్ము లేచే సీమలో నీళ్లలో మునిగే ఉద్యోగమేందమ్మా అంటారు. ఆయనది కుప్పం దగ్గర. అక్కడ గ్రానైటు రాయి తవ్వి వదిలేసిన క్వారీ గుంతలు వాన నీళ్లతో నిండి, నూతులకంటే లోతుగా ఉంటాయి. వాటిలో దూకి దూకి ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాడు. తర్వాత బావుల్లో జారిపడిన మోటార్లు తీసి ఇచ్చేవాడు. అది చూసి బెంగళూరు కాంట్రాక్టరు ఒకాయన పిలుచుకుపోయి పని నేర్పించాడు. ఇప్పుడు డ్యాముల అడుగుకు దిగి గేట్లు చూడటం, చెత్త తీయడం, నెర్రెలు పూడ్చడం ఆయన పని.

మంచి పనిమంతుడే. కానీ ఒక్కటే రోగం. చేపట్టిన పని అయ్యేదాకా పైకి రాడు. గట్టు మీద తాడు పట్టుకున్న మనిషి ఎన్నిసార్లు లాగినా, ఇంకొంచెం సేపు అన్నట్టు తిరిగి లాగుతాడు. ఇంట్లో ఫ్యాను రిపేరుకు కూర్చున్నా అంతే, అన్నం ఆరిపోవాల్సిందే.

ఆ ముందటి ఏడు ఉత్తరాదిన కొండల్లో ఒక డ్యాముకు పోయాడు. మంచు కరిగి వచ్చే నీళ్లు. అందులో ఉండకూడనంత సేపు ఉన్నాడు. ఇంటికొచ్చేసరికి కుడిచేతి రెండు వేళ్లు సున్నం పూసినట్టు తెల్లగా ఉన్నాయి. సూదితో గుచ్చినా తెలియలేదు. నెలల తరబడి మందులు వాడితే కొంచెం ప్రాణం వచ్చింది. డాక్టరు మాత్రం దాచకుండా చెప్పేశాడు, ఇంకొక్కసారి ఇట్లా గడ్డకడితే ఆ వేళ్లు తీసేయాల్సి వస్తుందని.

నేను పట్టుబట్టాను. చాలు, షాపులో కూర్చో అన్నాను. కూర్చున్నాడు పాపం. కూర్చుని ఏం చేశాడు? వచ్చిన ప్రతివాడితో గొడవ. బ్యాటరీలో నీళ్లు పోయకుండా ఎండబెట్టుకొచ్చిన ఒక పెద్దమనిషిని, "నీ ఎద్దుకు కూడా నీళ్లు పెట్టవా?" అని అడిగేశాడు. ఆయన మళ్లీ మా గడప తొక్కలేదు. మా ఆయన రోజంతా షాపు ముందు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఆయన్ను చూసి నాకూ కాళ్లు నిలిచేవి కావు.

అప్పుడే కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. అదే డ్యాము, గేటు అడుగున మిగిలిన పని ఉందన్నాడు. ఈసారి వేడి బట్టలు ఇస్తానన్నాడు. లోపల సన్నటి తీగలు కుట్టిన బనియను, చేతి తొడుగులు. బ్యాటరీ తగిలిస్తే ఒళ్లు, వేళ్లు వెచ్చబడతాయి. దాని మీద నీళ్లు చొరబడని సూటు వేసుకోవాలి. బట్టలు కాంట్రాక్టరువే, బ్యాటరీ మాత్రం మనమే చూసుకోవాలట.

"ఒక్కసారి పోయొస్తామే," అన్నాడు మా ఆయన. "వేళ్లకు మళ్లా ఏమన్నా అయితే, నీ కౌంటరు కాడ కుక్కినపేనులా కూసుంటా."

"వేళ్లు పోయినాక కూసుంటే నాకేం లాభం?" అన్నాను. కానీ ఆ ముఖం చూశాక వద్దనలేకపోయాను. ఎన్నాళ్లకో వెలిగింది ఆ ముఖం. సరే, బ్యాటరీ నేనే చూస్తాను, నేను చెప్పిందే కట్టుకోవాలని షరతు పెట్టాను. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.

మొదటి తగాదా, బ్యాటరీ ఎక్కడ ఉండాలని. కొన్ని రకాలు సూటు లోపల జేబులో పెట్టుకునేవి. ఇంకొన్ని బయట నడుముకు కట్టుకునేవి, నీళ్లు పోని డబ్బాలో ఉంటాయి. లోపలిదైతే వైరు తక్కువ, సులువు అన్నాడు ఆయన. ఉబ్బిపోయి పొగలు కక్కిన లిథియం బ్యాటరీలను నేను షాపులో చూశాను. అది ఒంటికి ఆనుకుని అంటుకుంటే, నీళ్ల అడుగున ఆ సూటు విప్పేదెవరు? బయటదే అన్నాను. ఆ ఒక్క విషయంలో ఎదురు చెప్పలేదు.

రెండో తగాదా పుంగనూరులో జరిగింది. అది నా పుట్టిల్లు. అక్కడ మా తమ్ముడు స్ప్రేయర్లకు, కరెంటు స్కూటర్లకు సొంతంగా బ్యాటరీలు కట్టి ఇస్తాడు. బావకు కావాలని తెలిసి, మాకు చెప్పకుండానే ఒకటి తయారు చేసి పెట్టాడు. ఇటుకకంటే పెద్దది. పైన నున్నగా నీలం కవరు.

"సూడక్కా," అని రెండు చేతులతో ఎత్తి చూపించాడు. "పొద్దున తగిలిస్తే సాయంత్రం దాకా సల్లబడదు. బావ నీళ్లలోనే సంసారం పెట్టుకోవచ్చు."

"ఇది ఫ్లైటులో ఎక్కనీర్రా," అన్నాను.

"యాల ఎక్కనీరు? బాంబా ఏమన్నా?"

"వాళ్లకు బాంబుతో సమానమే."

విమానం కంపెనీకి ఫోన్ మీద ఫోన్ చేసి అప్పటికే కనుక్కున్నాను. బ్యాటరీ మీద రాసుండే వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. అది వంద లోపల ఉంటే చేతి బ్యాగులో పెట్టుకుని పోవచ్చు. వంద దాటితే ముందే అనుమతి అడగాలి. నూటఅరవై దాటితే అసలు కుదరదు. పెద్ద సామానులో వేయడానికి లేదు, ఎందుకంటే కింద అంటుకుంటే ఆర్పేవాడు ఉండడు. కొనలకు టేపు చుట్టాలి, ఒక్కోదాన్ని విడిగా సంచిలో పెట్టాలి. మా తమ్ముడు కట్టింది ఆ లెక్కలన్నింటినీ దాటి ఎక్కడో ఉంది. పైగా దాని మీద ఒక్క అక్షరం లేదు.

వాడి ముఖం మాడిపోయింది. "నా సేతి పనంటే నీకెప్పుడూ సులకనే," అన్నాడు.

మా ఆయనకు బామ్మర్దిని చూసి జాలేసింది. "నేను రైల్లో పోతాలేప్పా, ఇదే కట్టుకుంటా," అన్నాడు.

"రైలు యాడికి పోతాది, ఆ కొండ మీదికా?" అని ఇద్దరి మీదా ఎగిరాను. పని మొదలయ్యే రోజుకు రైలు, బస్సు పట్టుకుని చేరేది లేదని ముగ్గురికీ తెలుసు. ఆ పూట మా తమ్ముడు అన్నం తినకుండా లేచిపోయాడు.

చివరికి వంద లోపల ఉండే కంపెనీ బ్యాటరీలు రెండు తెప్పించాను. పన్నెండు వోల్టులు, ఎనిమిది ఆంపియర్ అవర్లు. అంటే తొంభైఆరు. నడుముకు రెండు పక్కలా రెండూ కట్టుకోవచ్చు. ఒకటి అయిపోగానే నీళ్లలోనే ప్లగ్గు రెండోదానికి మార్చుకునే వీలుంది.

నీళ్లు చొరబడుతున్నాయేమో చూద్దామని కుప్పం పోయాం. ఆయన ఆడుకున్న క్వారీ గుంతే. నేను రాతి అంచు మీద కూర్చున్నాను, ఆయన కాంట్రాక్టరు పంపించిన బట్టలు, సూటూ అన్నీ తొడుక్కుని దిగాడు. పచ్చటి నీళ్లు మూసుకుపోయాయి. పైన ఏమీ లేదు, బుడగలు తప్ప. ఇన్నేళ్ల కాపురంలో ఆయన పని చేస్తుండగా నేను చూడటం అదే మొదటిసారి. చూడకుండా ఉంటేనే బాగుండేది. బుడగలు ఒకచోట ఆగి ఇంకోచోట లేస్తుంటే నా ప్రాణం వాటి వెంట పరుగెత్తింది. కాసేపటికి పైకొచ్చి సూటు గొంతు దగ్గర లాగాడు. లోపలి నుంచి చెమట కారింది.

"ఉడికిపోయినామే! ఇడ్లీ పాత్రలో కూసున్నట్టుండాది," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. కుప్పం నీళ్లలో వేడెక్కితే ఏం గొప్ప? చలికి ఏ బ్యాటరీ అయినా బద్ధకిస్తుంది. చలికాలం పొద్దున ట్రాక్టర్లు స్టార్టు కాక రైతులు మా షాపు ముందు వరుస కట్టేది అందుకే. మదనపల్లె వచ్చాక ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డలు తెప్పించి, షాపు వెనక డ్రమ్ములో వేసి, బ్యాటరీని అందులో ముంచి, బనియను తగిలించి కూర్చున్నాను. రెండు గంటలు వస్తుందని కంపెనీవాడు రాశాడు. గంట దాటి కొంచెం సేపటికే బనియను చల్లబడిపోయింది. రెండోది ముంచితే అదీ అంతే. ఆయన చెయ్యాల్సిన పనికి రెండూ కలిపితే సరిగ్గా సరిపోతాయి. ఒకటైతే సగంలో నిలిచిపోతుంది. ఆ మాట ఆయనకు డ్రమ్ము దగ్గరే చూపించి చెప్పాను.

మా షాపులో ఒక పద్ధతి ఉంది. ఏ బ్యాటరీ అయినా నా చేత్తో పసుపు పూసి, కుంకుమ బొట్టు పెట్టందే గడప దాటదు. కుప్పం నుంచి వచ్చి ఈ షాపు పెట్టిన మా మామ ఉన్నప్పటి నుంచీ అంతే. రైతులు కూడా ఆగి అడిగి మరీ పెట్టించుకుంటారు. ప్రయాణం రోజు పొద్దున ఈ రెండింటికీ అలాగే పెట్టాను. రోజూ పెట్టే దానికంటే ఎక్కువే పూశాను. ఆ చిన్న దాని మీద ఏ పక్క అక్షరాలున్నాయో, ఏ పక్క లేవో చూసే స్థితిలో నేను లేను. కళ్లు మూసుకుని మొక్కుకున్నాను.

అలక మాని మా తమ్ముడే కారు తెచ్చాడు. నేను ఇల్లు తాళం వేసుకుని వచ్చేలోపల మా ఆయన షాపులోనే బ్యాగు సర్దేశాడు. చింతామణి మీదుగా బెంగళూరు విమానాశ్రయానికి బయల్దేరాం. ఆయన కిటికీ లోంచి చూస్తూ వేళ్లు ముడుస్తూ, చాపుతూ కూర్చున్నాడు.

లోపలికి టికెట్టు ఉన్నవాళ్లనే పంపిస్తారు. ఆయన పోయాక కూడా నాకు కదలబుద్ధి కాలేదు. "పోదాం పాక్కా," అని మా తమ్ముడు ఎన్నిసార్లు అన్నా, ఇంకొంచెం సేపు అని అక్కడే తచ్చాడాను. ఇంతలో ఫోను మోగింది.

"మే, ఒకటి పోనీలేదు," అన్నాడు ఆయన. "రాత లేదంట."

"రాత లేకపోవడమేంది? తొంభైఆరని అంత పెద్దగా ఉండాది కదా!"

"పసుపూ కుంకుమా సూసి వీళ్లు ఏమన్నా అడగతారేమోనని, తుడిసినా. మన షాపులో మేకుకు తగిలించిన గుడ్డతో."

ఆ గుడ్డ థిన్నరుతో తడిపింది. బ్యాటరీ కొనలకు పట్టిన మురికి వదలగొట్టడానికి పెట్టుకున్నది. ఒకదానికి బొట్టు రాత లేని పక్క పడింది కాబట్టి రాత మిగిలింది. రెండోదానికి నేను అక్షరాల మీదే పూశాను, ఈయన అక్షరాలతో సహా తుడిచేశాడు.

"దేనితో తుడవాల్నో తెలీదా నీకు?"

"యాడ బొట్టు పెట్టాల్నో తెలీదా నీకు?"

"ఫోను ఆ సారుకియ్యి, నేను చెప్తా," అన్నాను. ఇచ్చాడు. నాకొచ్చిన కన్నడంలో, రెండూ ఒకటే సార్, పక్కపక్కన పెట్టి చూడండి, నాది బ్యాటరీల షాపే అని బతిమాలాను. ఆ సెక్యూరిటీ ఆయన కసురుకోలేదు. రాత లేకపోతే లోపల ఎంతుందో నేనెట్లా నమ్మేదమ్మా అన్నాడు. రాత చెరిగిపోయిన బ్యాటరీ తెచ్చి మార్చిమ్మంటే నేనూ ఇదే మాట అంటాను.

ఆ బ్యాటరీ మాకివ్వడానికి ఆయన్ను గేటు దాకా పంపించారు. కమ్మీకి అటుపక్క ఆయన, ఇటుపక్క నేను.

"వచ్చేయి," అన్నాను. "పోవద్దు."

"ఒకటుండాది కదా."

"ఒకటి ఎట్ల సాలుతాది? ఐసు డ్రమ్ములో నీ కండ్ల ముందరే సూపించినా కదా! సగం పనికే నిలిసిపోతాది. ఆపైన నీ వేళ్లు నీవి కావు."

"వేడి నిలిసిపోతానే పైకొచ్చేస్తా."

"నువ్వా?"

అంత గట్టిగా అన్నానని మాత్రం అప్పుడు తెలియలేదు. వెనక క్యూలో వాళ్లు కూడా తిరిగి చూశారు. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. బ్యాటరీ నా చేతిలో పెట్టి, తల వంచుకుని లోపలికి పోయాడు.

మదనపల్లె దాకా అది నా ఒళ్లోనే ఉంది. తమ్ముడు ఏదో ఒకటి చెప్పి నవ్వించాలని చూశాడు. ఊరుకోరా అన్నాను. దేవుడి మీద కోపం, ఆ గుడ్డ మీద కోపం, ఆయన మీద చెప్పలేనంత కోపం. కోపం లేనప్పుడల్లా ఆ రెండు తెల్లటి వేళ్లు కళ్లముందు కనిపించేవి. అందుకని కోపాన్నే పట్టుకుని వేలాడాను.

ఆయన దిగే రోజు పొద్దున ఫోన్ చేశాడు. టీ తాగినా, సూటు తొడుక్కుంటాండా, మళ్లీ మధ్యాహ్నం మాట్లాడతా అన్నాడు. ఆయన నీళ్లలో ఉన్నంతసేపూ ఆ ఫోను గట్టు మీద తాడు పట్టుకునే మనిషి జేబులో ఉంటుంది. పని ముగిసి, సూటు విప్పి, అన్నం తిన్నాక గానీ ఆయన ఫోన్ చేయడు. ఎప్పుడూ అంతే.

షాపు తెరిచాను. తెరిచాను గానీ చేతికి పని అంటలేదు. ఇన్వర్టరు బ్యాటరీ అడిగినాయనకు ఆటో బ్యాటరీ దించి చూపించాను. గడియారం చూడకూడదనుకుని దానికి వీపు పెట్టి నిలబడ్డాను. ఇప్పుడు దిగుంటాడు. ఇప్పుడు అడుగుకు చేరుంటాడు. ఇప్పుడు ఒళ్లు వెచ్చగానే ఉంటుంది. ఇప్పుడు చల్లబడటం మొదలై ఉంటుంది. ఇప్పుడు ఆ తాడు లాగుతాడా? లాగడు. నాకు తెలియదా ఆయన సంగతి. ఇంకొంచెం సేపు అనుకుంటాడు. ఇంకొంచెమే కదా అయిపోతుంది అనుకుంటాడు. ఆ ఇంకొంచెంలోనే పోతాయి.

తంబళ్లపల్లె నుంచి ఒక పెద్దాయన స్ప్రేయరు పట్టుకుని వచ్చాడు. బ్యాటరీ నిలవడం లేదమ్మా అని చెబుతున్నాడు. నేను మీటరు పెట్టి చూస్తున్నాను. అప్పుడు మోగింది ఫోను.

మధ్యాహ్నానికి ఇంకా చాలా టైముంది. తెర మీద ఆయన పేరే. కానీ ఆ ఫోను ఇప్పుడు ఆయన చేతిలో ఉండదు. ఈ టైములో మోగిందంటే ఇంకెవరో చేస్తున్నారు. ఎందుకు చేస్తారు? మీటరు వైర్లు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. మోగి మోగి ఆగింది. మళ్లీ మొదలైంది.

"ఎత్తమ్మా, మోగతాండాది కదా," అన్నాడు పెద్దాయన.

ఎత్తి చెవికి ఆనించుకున్నాను.

"మే," అన్నాడు. ఆయనే. పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. "పైకొచ్చేసినా."

"పని?"

"కాలా. సగమే. వేడి నిలిసిపోయినాది. తాడు లాగేసినా."

"ఎవురు లాగినారు?"

"నేనే లాగినామే. కాంట్రాక్టరు తిడతాండాడు. సార్జింగు పెట్టుకోని రేపు మళ్లా దిగతా, మిగిలింది రేపే అని చెప్పేసినా."

"వేళ్లు..."

"ఉండాయి. నొప్పి తెలస్తాండాది. యాల పలకవు? వినపడతాండాదా?" అన్నాడు.

వినపడుతోంది. కౌంటరు పట్టుకుని ఏడ్చేశాను. తుడుచుకుంటే మళ్లీ వస్తున్నాయి. ఆ పెద్దాయన గాభరాపడి స్ప్రేయరు కింద పెట్టేశాడు.

"ఏమైందమ్మా? ఏం కబురు?"

"మా ఆయన," అన్నాను. "పని సగంలో వదిలేసి పైకి వచ్చేసినాడంట."

"అయ్యో, అట్లనా," అని ఆయన తల వంచుకున్నాడు. "పోనీలేమ్మా, బాధపడొద్దు. రేపటికి సర్దుకుంటాడు."